ప్రయోగశాలలో కత్తెర, జిగురు

1958 ఏప్రిల్‌లో బ్రసెల్స్‌లో ప్రపంచ ప్రదర్శన మొదలైంది. అందులోని విజ్ఞాన విభాగం కోసం బ్రిటిష్ శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఒక వైరస్ నమూనా తయారు చేయించారు. పొగాకు ఆకుల మీద మచ్చలు తెచ్చే టొబాకో మొజాయిక్ వైరస్ అది. అసలు వైరస్‌లను మూడు వేలకు పైగా ఒకదాని వెనక ఒకటి పేరిస్తే గానీ ఒక మిల్లీమీటరు నిండదు. నమూనా మాత్రం అయిదడుగుల ఎత్తు. అందులో వాడిన సామాన్లు ఏమిటంటే, టేబుల్ టెన్నిస్ బంతులు, సైకిల్ హ్యాండిల్‌కి తొడిగే ప్లాస్టిక్ గ్రిప్పులు. ఏప్రిల్ 16న ఆమె క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి 37 ఏళ్లు. ప్రదర్శన తలుపులు తెరుచుకున్నది ఆ మర్నాడు.

ఆ నమూనా సైన్సా, శిల్పమా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేకపోవడం వల్లే, సైన్స్ నుంచి పుట్టిన కళ గురించి మాట్లాడేటప్పుడు మనకు గందరగోళం వస్తుందని నాకు అనిపిస్తుంది. ఈ రెంటినీ రెండు గదుల్లో పెట్టి మధ్యలో గోడ కట్టుకున్నాం. కళాకారులు గోడ అవతలికి తొంగిచూసి, నచ్చిన బొమ్మను తెచ్చుకుని అలంకారంగా వాడుకుంటారని అనుకుంటాం. నిజానికి కత్తిరించడం, అతికించడం, పేర్చడం, తీగ వంచడం ప్రయోగశాలలో ఎప్పటినుంచో ఉన్న పనులే. ఆ చేతిపని చేసినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. చేతిపనికి ఇచ్చే విలువ తక్కువ కాబట్టి వాళ్ల పేర్లు కూడా అడుగున పడిపోయాయి. ఇప్పటి కొలాజ్‌లు, శిల్పాల్లో నాకు బాగా నచ్చినవి ఆ చేతుల్ని మళ్లీ కనబడేలా చేసేవి.

ఒకే పేరు కింద మూడు రకాల పనులు

'సైన్స్ స్ఫూర్తితో చేసిన కళ' అనే మాట కింద వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. కొన్ని సైన్స్ నుంచి ఆకారాన్ని తీసుకుంటాయి. నాడీకణం కొమ్మలు, గెలాక్సీ సుడి, డీఎన్ఏ మెలిక లాంటివి. కొన్ని సైన్స్ నుంచి పద్ధతిని తీసుకుంటాయి. ఒక గణిత నియమాన్నో, కొలతల పట్టికనో పట్టుకుని అది ఎటు తీసుకెళితే అటు వెళతాయి. ఇంకొన్ని సైన్స్ చరిత్రను తవ్వుతాయి. ఎవరు చేశారు, ఎవరి పేరు మిగిలింది, ఎవరి ఒంటి మీద ప్రయోగాలు జరిగాయి అని అడుగుతాయి.

ఒకదానికి వాడాల్సిన కొలబద్దను ఇంకోదానికి వాడితే తీర్పు తప్పుతుంది. ఆకారాన్ని మాత్రమే అరువు తెచ్చుకున్న శిల్పాన్ని 'ఇందులో లోతు లేదు' అని కొట్టిపారేయడం అన్యాయం. అందంగా ఉండటం కూడా ఒక పనే. కానీ ఆకారాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు సరిగ్గా తెచ్చుకోవాలి. డీఎన్ఏ మెలిక మన కణాల్లో మామూలుగా కుడిచేతి వాటం. మామూలు స్క్రూ మీది మర ఎటు తిరుగుతుందో అటే తిరుగుతుంది. పుస్తకాల అట్టల మీద, పోస్టర్ల మీద, లోగోల్లో, కొన్ని శిల్పాల్లో కూడా అది అద్దంలో చూసినట్టు ఎడమకు తిరిగి ఉంటుంది. ఎక్కడైనా డీఎన్ఏ బొమ్మ కనిపిస్తే ఒక స్క్రూ పక్కన పెట్టి పోల్చి చూడండి.

కత్తిరించి అతికించే సైన్స్

కొలాజ్ అనే మాట ఫ్రెంచిలో 'అతికించడం' అనే క్రియ నుంచి వచ్చింది. కళా చరిత్రలు దీన్ని 1912లో చిత్రకారులు పికాసో, బ్రాక్‌ల దగ్గర మొదలుపెడతాయి. నేనైతే నూట నలభై ఏళ్లు వెనక్కి వెళతాను. ఇంగ్లండ్‌లో మేరీ డిలేనీ అనే ఆవిడ, వయసు డెబ్బై దాటాక, 1770లలో కాగితం ముక్కలతో పూలు చేయడం మొదలుపెట్టారు. నల్లటి కాగితం మీద, రంగు కాగితాలను సన్నగా కత్తిరించి, ఒక్కో పువ్వుకు వందల ముక్కలు అతికించేవారు. కేసరాల లెక్క, ఆకు అంచు, ఈనె ఎటు పోతుందో అన్నీ అసలు మొక్కలో ఉన్నట్టే ఉండేవి. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే లినేయస్ పద్ధతిలో మొక్క పేరు కూడా రాసేవారు. చూపు మందగించి ఆపేసేసరికి వెయ్యికి దగ్గరగా పూలు పూర్తయ్యాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో 985 ఉన్నాయి. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ వాటి కచ్చితత్వాన్ని ఎంతో మెచ్చుకున్నారు. అప్పట్లో ఇది ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ల కాలక్షేపంగానే లెక్కకు వచ్చేది.

ఇరవయ్యో శతాబ్దంలో బెర్లిన్‌లో హన్నా హోఖ్ ఫొటోలను కత్తిరించి కొలాజ్‌కు కొత్త పదును పెట్టారు. ఒక పెద్ద ప్రచురణ సంస్థలో కుట్లు, అల్లికల నమూనాలు గీయడం ఆమె ఉద్యోగం. 1919-20లో చేసిన ఆమె ప్రసిద్ధ ఫొటో కొలాజ్ పేరులోనే వంటింటి కత్తి ఉంది. రాజకీయ నాయకులు, యంత్రాల చక్రాలు, నాట్యకారిణులు కిక్కిరిసిన ఆ కాగితం మీద పైన ఎడమవైపు ఐన్‌స్టీన్ ముఖం ఉంటుంది. సైన్స్ పత్రికల్లోకి, వీధిలోకి వచ్చేసిన కాలం అది. ఆ గందరగోళంలో ఆమె ఐన్‌స్టీన్‌ను కూడా ఒక ముక్కగానే అతికించారు.

ఇప్పుడు అసలు ప్రయోగశాలలోకి వద్దాం. కంప్యూటర్లు ఆ పని అందుకునే దాకా, మనిషి క్రోమోజోములను పరీక్షించే పద్ధతి అచ్చంగా కొలాజే. కణం విభజన చెందే సమయంలో దాన్ని గాజు పలక మీద చిదిమి, సూక్ష్మదర్శినిలో ఫొటో తీసేవారు. ఫొటోలో క్రోమోజోములు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఒక్కోదాన్ని కత్తెరతో కత్తిరించి, జతలు వెతికి, పొడవును బట్టి వరసగా కాగితం మీద అతికించేవారు. మనిషికి 46 అనే సరైన లెక్క 1956లో గానీ తేలలేదు. అంతకుముందు దశాబ్దాల పాటు 48 అనే నమ్మారు.

ఆ కాలంలోనే పారిస్‌లో మార్త్ గోతియే అనే యువ డాక్టర్ అమెరికాలో కణాల పెంపకం నేర్చుకుని తిరిగొచ్చారు. అక్కడి ఆసుపత్రిలో ఆ పనికి తగిన వసతి లేకపోతే సొంతంగా ల్యాబ్ సమకూర్చుకున్నారు. కణాలు పెరగడానికి కావలసిన సీరమ్ కోసం తన రక్తాన్నే తీసి వాడానని తర్వాత ఆమే చెప్పారు. 1958లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 47 క్రోమోజోములు కనిపించాయి. ఫొటో తీయగల సూక్ష్మదర్శిని ఆమె దగ్గర లేదు. ఫొటోలు తీయిస్తానని జెరోమ్ లెజూన్ అనే సహోద్యోగి ఆ గాజు పలకలు తీసుకెళ్లారు. 1959 జనవరిలో పత్రం అచ్చయ్యేసరికి మొదటి పేరు ఆయనది. ఆమె పేరు రెండోది, అదీ అక్షరాలు తప్పుగా పడింది. యాభై ఏళ్లకు పైగా గడిచాక, 2014లో ఫ్రాన్స్ వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం ఆ ఆవిష్కరణలో లెజూన్‌ది ప్రధాన పాత్ర అయి ఉండకపోవచ్చని తేల్చింది.

క్రోమోజోముల ఫొటోలను కొలాజ్‌లో వాడే ఏ కళాకారిణి అయినా నాకు గోతియే పక్కన నిలబడినట్టే కనిపిస్తారు. పద్ధతి ఒకటే, కత్తెర ఒకటే.

సముద్రపు అడుగును కాగితం మీదకు తెచ్చిన మేరీ థార్ప్ పనిలోనూ ఇదే తీరు. ఓడల నుంచి ధ్వని తరంగాలు పంపి కొలిచిన లోతుల అంకెలు ఆమె బల్ల మీదకు వచ్చేవి. ఆడవాళ్లను ఆ ఓడల్లోకి రానిచ్చేవారు కాదు. ఆమెకు ఓడెక్కే అవకాశం 1960ల చివర్లో గానీ రాలేదు. 1950ల మొదట్లో ఉత్తర అట్లాంటిక్‌ను అడ్డంగా కోసినట్టుండే ఆరు రేఖాచిత్రాలు గీసి, ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే, అన్నింటిలోనూ మధ్యలో కొండల వరస, ఆ వరస నడినెత్తిన ఒక పగులు కనిపించాయి. ఖండాలు జరుగుతున్నాయనడానికి అది ఆనవాలు. తోటి శాస్త్రవేత్త బ్రూస్ హీజెన్ మొదట దాన్ని ఆడపిల్లల కబుర్లని తోసిపుచ్చారు. అదే స్కేలులో గీసిన భూకంప కేంద్రాల పటాన్ని దాని మీద పెట్టి చూసినప్పుడు చుక్కలన్నీ ఆ పగులులోనే పడ్డాయి. ఒక కాగితం మీద ఇంకో కాగితం పెట్టి చూడటం, విడిగా కనపడనిది పక్కపక్కన పెడితే కనపడటం, ఇవి కొలాజ్ చేసేవాళ్లకు రోజువారీ అనుభవాలు.

చేత్తో పట్టుకుంటేనే అర్థమయ్యేవి

శిల్పం దగ్గరకొచ్చేసరికి విషయం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. కొన్ని సంగతులు కాగితం మీద గీస్తే అర్థం కావు. చేతిలోకి రావాలి.

బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డొరొతీ హాజ్‌కిన్ 1945కల్లా పెన్సిలిన్ అణువు నిర్మాణాన్ని తేల్చారు. స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలు పంపితే ఫిల్మ్ మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల తీవ్రతను కొలిచి, లెక్కలు కట్టి, ఎలక్ట్రాన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయో తెలుసుకోవాలి. కొండల ఎత్తును పటంలో గీతలతో చూపినట్టు ఆ సాంద్రతను పారదర్శకమైన ప్లాస్టిక్ పలకల మీద గీసి, ఒకదాని మీద ఒకటి ఎడంగా పేర్చారు. పైనుంచి చూస్తే గీతల గుంపుల్లోంచి అణువు తేలుతుంది. లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్న ఆ పలకల నమూనా ఏ ఆధునిక కళా ప్రదర్శనశాలలో పెట్టినా శిల్పంగానే చూస్తారు. 1964లో ఆమెకు నోబెల్ వచ్చినప్పుడు ఒక బ్రిటిష్ పత్రిక గృహిణికి నోబెల్ అనే ధోరణిలో శీర్షిక పెట్టింది.

గణితంలో దీనికి సాటి వచ్చే కథ ఒకటుంది, దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బల్లపరుపు తలం మీద ఒక గీత, దాని పక్కన ఒక చుక్క ఉంటే, ఆ చుక్క గుండా ఆ గీతకు సమాంతరంగా ఒకే గీత గీయగలం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లొబచేవ్‌స్కీ, బొయాయ్ అనే గణితవేత్తలు విడివిడిగా ఇంకో రకం జ్యామితిని కనుక్కున్నారు. అందులో ఆ చుక్క గుండా మొదటి గీతను తాకని గీతలు లెక్కలేనన్ని ఉంటాయి. దాన్ని హైపర్బోలిక్ తలం అంటారు. లెక్క సరిగ్గానే ఉంది కానీ దాన్ని ఊహించుకోవడం చాలా కష్టం. కాగితం పట్టీలు అతికించి చేసిన నమూనాలు ఉండేవి, ముట్టుకుంటే చిరిగిపోయేవి.

1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లాత్వియాకు చెందిన గణితవేత్త డైనా తైమిన్యా దీన్ని క్రోషియా సూదితో అల్లారు. నియమం ఒక్కటే. ప్రతి కొన్ని కుట్లకు ఒక కుట్టు అదనంగా వేస్తూ పోవాలి. ఉదాహరణకు అయిదింటికి ఒకటి చొప్పున పెంచామనుకోండి. మొదటి వరసలో 100 కుట్లుంటే రెండో వరసలో 120, మూడో వరసలో 144. అలా పది వరసలు పెరిగేసరికి 600 దాటతాయి. అన్ని కుట్లకు చోటు చాలక అల్లిక తనంతట తనే ముడతలు పడుతుంది, కుచ్చిళ్లు తిరుగుతుంది. ఆ ముడతలే హైపర్బోలిక్ తలం. దాని మీద మడత పెట్టి గీతలు చూపొచ్చు, విద్యార్థి చేతికివ్వొచ్చు, చిరగదు.

ఈ అల్లిక సముద్రంలోని పగడంలా ఉందని గమనించినవాళ్లు మార్గరెట్, క్రిస్టీన్ వర్త్‌హైమ్ అనే కవలలు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బ ఉన్న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో పెరిగినవాళ్లు. ఒకరు సైన్స్ రచయిత్రి, ఇంకొకరు కళాకారిణి. పోలిక పైపైది కాదు. పగడాలకు, గుల్ల లేని కొన్ని సముద్రపు నత్తలకు, పాచికి కూడా తక్కువ చోటులో ఎక్కువ ఉపరితలం కావాలి. అందుకే అవి కూడా అంచుల దగ్గర ఎక్కువెక్కువ పెరిగి కుచ్చిళ్లు తిరుగుతాయి. 2005లో ఈ సోదరీమణులు లాస్ ఏంజిలిస్‌లో ఉన్ని పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. నియమాన్ని కాస్త తప్పితే, అంటే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుట్లు వేస్తే, ప్రకృతిలో ఉండే అసమానతలు వచ్చాయి. తర్వాత ఎన్నో దేశాల్లో వేలమంది, అధికశాతం ఆడవాళ్లు, తమ ముక్కలు అల్లి చేర్చారు. 2019లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనకు ఈ పగడపు దిబ్బ వెళ్లింది. సముద్రం వేడెక్కి అసలు పగడాలు తెల్లబారుతున్న సంగతిని తెల్ల నూలుతో, ప్లాస్టిక్ చెత్తతో అల్లిన భాగాలు చెబుతాయి.

నా దృష్టిలో ఇది ఈ కోవలో చాలా గొప్ప పని. ఎందుకంటే మూడు రకాలూ ఇందులో ఉన్నాయి. ఆకారం ఉంది, నియమం ఉంది. ఆడవాళ్ల పనిగా చిన్నచూపు చూసిన కుట్లు-అల్లికలే గణితవేత్తలను ఇబ్బంది పెట్టిన సమస్యకు గట్టి నమూనా ఇచ్చాయన్న చరిత్ర కూడా ఉంది.

పద్ధతిని పట్టుకుని నడిచేవాళ్లు ఇంకా ఉన్నారు. నతాలీ మీబాఖ్ వాతావరణ కొలతలను బుట్ట అల్లికలోకి మారుస్తారు. గాలి వేగం, ఉష్ణోగ్రత, అలల కొలత ఒక్కోటి ఒక్కో పుల్లగా, పూసగా మారి తుఫాను మూడు కొలతల్లో నిలబడుతుంది. లూక్ జెరమ్ వైరస్‌లను రంగులేని గాజుతో చేయిస్తారు. ఇది ఆలోచించదగ్గ విషయం. మన కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. వైరస్‌లు దాదాపు అన్నీ అంతకంటే చిన్నవి. కాబట్టి వాటికి రంగు అనే మాటే వర్తించదు. పత్రికల్లో చూసే ఎర్ర ముళ్ల బంతులకు రంగులు తర్వాత వేసినవి, అవి భయాన్ని కూడా పెంచుతాయి. గాజు ఆ రంగును తీసేస్తుంది.

పొగడ్త కాని కొలాజ్

సైన్స్ స్ఫూర్తి అంటే సైన్స్‌ను మెచ్చుకోవడమే అనుకుంటే సగం కళ మన చూపు నుంచి జారిపోతుంది. నైరోబీలో పుట్టిన వంగేచి ముటు 2000ల మధ్యలో గర్భాశయ కణితుల గురించిన పాత వైద్య చిత్రాల మీద వరసగా కొలాజ్‌లు చేశారు. ఆ పాత కాగితం మీద పత్రికల్లోంచి కత్తిరించిన కళ్లు, పెదవులు, మెరుపు పొడి, బొచ్చు అతికించి స్త్రీ ముఖాలు చేశారు. దూరం నుంచి ముఖం, దగ్గరికెళితే రోగం బొమ్మ. వైద్యశాస్త్రం ఆడవాళ్ల శరీరాన్ని, మరీ ముఖ్యంగా నల్లజాతి ఆడవాళ్ల శరీరాన్ని, మనిషిగా కాక నమూనాగా చూసిన చరిత్ర అందులో ఉంది. పైన అతికించిన ముఖం కింది బొమ్మను పూర్తిగా కప్పదు, వదిలిపోనివ్వదు. ఈ రెండు పొరలు ఒకేసారి కనబడటం కొలాజ్‌కు సహజంగా వచ్చే బలం.

విగ్రహం దగ్గర చిక్కు

మహిళా శాస్త్రవేత్తల విగ్రహాలు ఇటీవల ఎక్కువయ్యాయి. అందుకు సంతోషమే. 1935లోనే వార్సాలో శిల్పి లుడ్విక నిచోవ మేరీ క్యూరీ విగ్రహం చేశారు. బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం ఆవరణలో లీజ మైట్నర్ విగ్రహం 2014లో వచ్చింది. అణుకేంద్రక విచ్ఛిత్తిని వివరించిన ఆమెకు కాక, 1944 నోబెల్ ఓటో హాన్ ఒక్కరికే దక్కిందని గుర్తు చేసుకుంటే ఆ ఆలస్యం ఎంతో తెలుస్తుంది.

చిక్కు ఎక్కడంటే, పీఠం ఎక్కించిన విగ్రహం ముఖాన్ని గుర్తుపెట్టుకుంటుంది కానీ పనిని గుర్తుపెట్టుకోదు. అందుకే ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ రీజిస్‌లో 2022లో నిలిపిన మేరీ యానింగ్ విగ్రహం నాకు ఇష్టం. శిల్పి డెనీస్ డటన్ ఆమెను నడుస్తున్నట్టు చేశారు, చేతిలో సుత్తి, వెంట కుక్క. శిలాజాలు వెతుక్కుంటూ ఆ ఒడ్డున తిరిగిన మనిషి అక్కడే నడుస్తున్నారు. ఆమె 1847లో చనిపోయారు. భూగర్భ శాస్త్రవేత్తల సంఘమైన లండన్ జియలాజికల్ సొసైటీలోకి ఆడవాళ్లను చేర్చుకోవడం ఇరవయ్యో శతాబ్దంలో గానీ మొదలుకాలేదు.

దీనికి పూర్తిగా వేరే దారి ఒకటి అమెరికాలో పట్టారు. బతికున్న మహిళా శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు 120 మంది ఒళ్లను స్కాన్ చేసి నిలువెత్తు విగ్రహాలను త్రీడీ ప్రింటింగ్‌తో నారింజ రంగులో చేశారు. 2021లో డల్లాస్‌లో, 2022 మార్చిలో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంల ఆవరణలో పెట్టారు. శిల్పకళగా చూస్తే వాటిలో పెద్ద పనితనం లేదు, యంత్రం తీసిన అచ్చులు అవి. అయినా నూట ఇరవై మంది గుంపుగా నిలబడితే 'అరుదైన మేధావి' అన్న పాత కథ అక్కడ నిలవదు.

మళ్లీ ఫ్రాంక్లిన్ దగ్గరకు రావాలి. ఆమెకు నివాళిగా చేసే కళలో డీఎన్ఏ మెలిక తరచూ కనిపిస్తుంది. కానీ ఆ మెలిక నమూనా కట్టింది వాట్సన్, క్రిక్. ఆమె, ఆమె విద్యార్థి రేమండ్ గోస్లింగ్ 1952 మేలో తీసింది ఫొటో 51. డీఎన్ఏ పోగును ఎక్స్-కిరణాల ముందు అరవై గంటలకు పైగా ఉంచితే ఫిల్మ్ మీద నల్లటి చుక్కలు ఇంటూ గుర్తులా పడ్డాయి. అలాంటి గుర్తు మెలిక తిరిగిన వస్తువుకు ఆనవాలు. చుక్కల మధ్య దూరాన్ని బట్టి ఒక్కో మెలిక పొడవెంతో లెక్కకట్టొచ్చు. ఆమెకు తెలియకుండానే 1953 జనవరిలో మారిస్ విల్కిన్స్ దాన్ని వాట్సన్‌కు చూపించారు. వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు 1962లో నోబెల్ వచ్చేనాటికి ఆమె లేరు. కాబట్టి ఒక కొలాజ్‌లో ఆ మసక ఇంటూ గుర్తు కనిపిస్తే ఆ కళాకారిణి చదివి, వెతికి చేశారని నాకు నమ్మకం కలుగుతుంది. అది అందమైన బొమ్మ కాదు. కానీ ఫ్రాంక్లిన్ కళ్లు చూసింది దాన్నే. ఆవిడ తన చేత్తో కట్టించిన శిల్పం ఆనవాలు కావాలంటే టేబుల్ టెన్నిస్ బంతులు ఉండనే ఉన్నాయి.

డొరొతీ హాజ్‌కిన్‌కు యవ్వనం నుంచే కీళ్లవాతం. వేళ్లు వంకర్లు తిరిగాయి. ఆ వేళ్లతోనే సన్నటి స్ఫటికాలను ఎత్తి అమర్చేవారు. పెన్సిలిన్ తర్వాత విటమిన్ బి12, 1969లో ఇన్సులిన్ నిర్మాణాలు కూడా తేల్చారు. 1978లో శిల్పి హెన్రీ మూర్ ఆమెను చిత్రించడానికి కూర్చున్నప్పుడు ముఖం గీయలేదు. ఆమె రెండు చేతులూ గీశారు.